మాను ధాతువు – క్షయచికిత్స: ఆరోగ్యప్రచారసాహిత్యమున కర్తృవిచారము

క్షయరోగమును గూర్చి తెలుగున వెలువడు కరపత్రములు, గోడపత్రికలు, రేడియో ప్రసంగములు, వార్తాపత్రికలలోని ఆరోగ్యశీర్షికలు సాహిత్యవిమర్శకుల దృష్టికి సాధారణముగా రావు. అవి కావ్యములు కావు. వానిని వ్రాసినవారికి తాము కవులమను తలంపును లేదు. అయినను మాటలచేత మనుష్యుని ఒక పనికి పురికొల్పుటయే వాని ప్రయోజనము. కావున ఆ మాటలు ఎట్లు కూర్పబడినవో, ఆ కూర్పులో ఎవరు కర్తగా నిలిచిరో పరిశీలించుట భాషాశాఖలవారి పనియే యని మా అభిప్రాయము. ఈ వ్యాసమున మేము ఒక్క క్రియను ఆధారముగా గొని ఆ సాహిత్యమును విమర్శింపదలచితిమి. ఆ క్రియ 'మాను'.

తెలుగున మాను ధాతువునకు రెండర్థములు ప్రసిద్ధములు. 'పుండు మానినది' అన్నప్పుడు నయమగుట యని అర్థము, అది అకర్మకము. 'పని మానినాడు' అన్నప్పుడు విడుచుట యని అర్థము, అది సకర్మకము. నిత్యవ్యవహారమున ఈ రెండర్థములును ఒకదాని నొకటి ఒరసికొనవు. క్షయచికిత్స విషయమున మాత్రము అవి ఎదురెదురుగా నిలుచును. మందు మానినచో రోగము మానదు. రోగము మానినదని తోచుటయే మందు మానుటకు ఒక కారణమగును.

ఈ వైరుధ్యమునకు మూలము వైద్యవిధానముననే కలదు. మందులకు లొంగు సాధారణక్షయకు నేడు ఆరునెలల చికిత్స జరుగుచున్నది. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అను నాలుగు మందులను, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప తక్కిన మూడింటిని ఇత్తురు. జ్వరము, దగ్గు మొదటి వారములలోనే తగ్గనారంభించును, ఆకలి పుట్టును, ఒడలికి బలము వచ్చును. కాని మందకొడిగా వృద్ధిపొందు క్రిములు కొన్ని ఇంకను మిగిలియుండును. వానిని తుడిచివేయుటకే మిగిలిన నెలలు. నడుమ విడిచినచో రోగము తిరుగబెట్టవచ్చును. ఆ మందులకు లొంగని క్రిములు తలయెత్తవచ్చును. అవి ఇతరులకును సోకవచ్చును. కావున నడుమ మానరాదను హెచ్చరిక అక్షరాల సత్యము. మా విమర్శ ఆ హెచ్చరికమీద కాదు. అది చెప్పబడు వాక్యముమీద.

ఆ వాక్యము సాధారణముగా రెండు రూపములలో కనబడును. ఒకటి నిషేధరూపము: మందులు మధ్యలో మానరాదు. రెండవది ఫలకథనము: మానివేసినవారికి రోగము ముదురును. రెండింటను కర్త రోగియే. అనుప్రయోగముగా చేరిన 'వేయు' ఆ కర్తృత్వమును మరింత గట్టిపరచును. 'తినెను' అనుటకును 'తినివేసెను' అనుటకును గల భేదమును తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు. 'మానివేసెను' అన్నచో ఆ పని బుద్ధిపూర్వకముగా, తెంపరితనముతో జరిగినట్లు ధ్వనించును. పిమ్మట హేతువు చెప్పవలసివచ్చినప్పుడు అవిద్య, అశ్రద్ధ, మూఢవిశ్వాసము, త్రాగుడు అను పదములు వరుసగా వచ్చును. ఇవి యన్నియు రోగియొక్క గుణములుగా చెప్పబడునవియే. ఈ విధముగా కర్తయు, హేతువును, దోషమును ఒకే మనుష్యుని యందు చేరును. అతని యింటి పొయ్యి, అతని కూలి, అతడు నడువవలసిన దారి వాక్యమునకు వెలుపలనే నిలిచిపోవును.

వెలుపల నిలిచిన ఆ విషయములు ఎట్టివో తెలియుటకు ఒక ప్రదేశమును దృష్టియందుంచుకొనుట మేలు. మేము ఉప్పలగుప్తము మండలమును గ్రహించితిమి. అది అమలాపురమునకు సమీపమున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో ఉన్నది. గొల్లవిల్లి, భీమనపల్లి, చల్లపల్లి మొదలగు గ్రామములును, సముద్రపుటొడ్డున ఎస్. యానము, వాసాలతిప్పయు ఆ మండలములోనివే. కొబ్బరితోట, వరిచేను, రొయ్యలచెరువు, చేపలవేట – ఈ నాలుగు జీవికలు ఒకే మండలమున ఒకదాని ప్రక్క నొకటి కనబడును. వీనికి తోడు కోనసీమ గ్రామములనుండి స్త్రీలు ఇంటిపనులకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవుటయు కలదు. మేము ఇచ్చట రోగులను లెక్కించి గణాంకములు కూర్చలేదు. ఈ జీవికలలో ఒక్కొక్కదానిని కరపత్రవాక్యము ప్రక్కన నిలిపి, ఆ వాక్యము దానిని భరింపగలదా యని చూచుటయే మా పద్ధతి.

కొబ్బరి దింపు కార్మికుని ఒకనిని ఊహింతము. అతని కూలి ఎక్కిన చెట్ల లెక్కను బట్టి వచ్చును. క్షయచేత ఊపిరి చాలనప్పుడు అతడు చెట్టెక్కలేడు. చికిత్స మొదలై రెండు నెలలు గడచునప్పటికి కొంత బలము వచ్చును. అప్పటికి అప్పు పెరిగియుండును. ఆరోగ్యశాస్త్రము దృష్టిలో ఆ బలము చికిత్స కొనసాగించుటకు ఉత్సాహకారణము. అతని యింటివారి దృష్టిలో అది పనికి పోవుటకు వచ్చిన తొలి అవకాశము. మందు తెచ్చుకొను దినమును, దింపునకు పిలుపు వచ్చిన దినమును ఒకటైనచో ఏది ఆగవలెను? కరపత్రము ఈ ప్రశ్నను వేయదు. 'మానివేసెను' అను మాట ఆ ప్రశ్నకు ముందే తీర్పు చెప్పివేసినది.

రొయ్యలచెరువు కాపలాదారుని మాట మరియొకటి. చెరువుగట్టుమీది పాకలోనే రాత్రింబవళ్లు గడపువానికి ఊరిలోని ఆరోగ్యకార్యకర్త వచ్చు వేళ అందదు. తీరమున వేటకు పోవువారికి తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేటనిషేధము. పడవ ఒడ్డున నుండు ఆ దినములలో మందు అందుట సులభము, కూడు అందుట కష్టము. పడవ సాగిన పిమ్మట కూడు అందును, మందు వేళ తప్పును. మరి కోనసీమ లంకగ్రామములలో వరద వచ్చినప్పుడు దారియే యుండదు. 2022 జూలైలో గోదావరి వరద లంకలను చుట్టుముట్టినప్పుడు పడవయే ప్రయాణసాధనమయ్యెను. అట్టి దినములలో మాత్ర మ్రింగనివాని గూర్చి 'మానివేసెను' అనుట వ్యాకరణసమ్మతమే కావచ్చును, సత్యసమ్మతము కాదు.

గల్ఫునకు పోదలచిన స్త్రీ విషయమున మాను ధాతువు మొదటి అర్థమే చిక్కుపెట్టును. ఆ దేశములకు పనికి పోవువారికి ముందుగా ఛాతీ ఎక్స్‌రే తీయుదురు. పూర్వము సోకి మానిన క్షయయొక్క మచ్చ కనబడినను అనర్హురాలని త్రోసివేయుట కలదు. అనగా రోగము మానినను మచ్చ మానదు. ఆ మచ్చ ఇల్లుకట్టు ఆశను, ఆడపిల్ల పెండ్లి ఆశను తుడిచివేయగలదు. దగ్గుచున్నను పరీక్షకు పోక దాచుకొనువారిని అజ్ఞానులందుమా? తమకు తెలిసిన లెక్కను తాము వేసికొన్నవారందుమా? పెండ్లి కావలసిన కన్య విషయమునను ఇంతియే. ఆరునెలలు మందులపెట్టె ఇంట నుండినచో చుట్టుపట్ల తెలియును. తెలిసినచో సంబంధములు వెనుకకు మరలును. దాచుట ఇచ్చట మూఢవిశ్వాసము కాదు, లోకజ్ఞానము.

ఇక 'ఉచితము' అను పదమును విచారింతము. సంస్కృతమున దానికి తగినది యని అర్థము. తెలుగు వాడుకలో వెల లేనిది యని అర్థము. ప్రభుత్వము క్షయకు మందులు ఉచితముగా ఇచ్చుచున్నదనుట నిజము. కాని కరపత్రములలో 'చికిత్స ఉచితము' అని యుండును. మందునకును చికిత్సకును గల భేదము అచ్చట లుప్తమయినది. పోయిన కూలి, ఆటో కిరాయి, రోగనిర్ణయమునకు పూర్వము ఊరిలోని ప్రైవేటు వైద్యులకు పోసిన సొమ్ము, తోడు వచ్చిన భార్య విడిచిన దినకూలి – ఇవి యన్నియు చికిత్సలోని భాగములే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్షయనిర్మూలన వ్యూహములో ఈ వ్యయమును లెక్కకు తెచ్చినది. కుటుంబవార్షికాదాయమున నూటికి 20 వంతులు మించిన వ్యయమును విపత్కరవ్యయమని నిర్ణయించి, అట్టి వ్యయము ఏ కుటుంబమునకును కలుగరాదని లక్ష్యము పెట్టుకొన్నది. 'చికిత్స ఉచితము' అను రెండు మాటల వాక్యము ఈ లెక్క నంతయు కప్పివేసి, ఉచితమైనను మానినాడే యను రెండవ నిందకు దారి తీయుచున్నది.

రోగిని దోషిగా నిలుపు ఈ కథనరీతి నేటిది కాదు. దక్షుని కూతుండ్రను ఇరువదియేడ్గురను పెండ్లాడిన చంద్రుడు రోహిణియందే మిక్కిలి అనురాగము చూపినందున శాపము పొంది యక్ష్మచే క్షీణించెనని పురాణకథ. యౌవనమున భార్యలతో భోగములలో మునిగిన విచిత్రవీర్యుడు రాజయక్ష్మచే మరణించెనని భారతకథ. రెండింటను భోగాతిశయమే రోగహేతువు. రోగి తన చేతలకు ఫలము ననుభవించినవాడు. కాని మన ప్రాచీనవాఙ్మయమున రెండవ కథనమును కలదు. చరకసంహిత నిదానస్థానమున శోషకు నాలుగు హేతువులు చెప్పబడినవి: సాహసము, సంధారణము, క్షయము, విషమాశనము. సాహసమనగా శక్తికి మించిన శ్రమ. విషమాశనమనగా క్రమము తప్పిన ఆహారము. చరకునికి క్రిమి తెలియదు. రాబర్టు కాక్ దానిని గుర్తించినట్లు ప్రకటించినది 1882 మార్చి 24న. అయినను బరువు మోయువానిని, వేళకు కూడు లేనివానిని ఆయన చూచినాడు. మన కరపత్రరచయితలు క్రిమిని కాక్ నుండి గ్రహించిరి. రోగి స్వభావమును మాత్రము చరకుని నిదానమునుండి గాక చంద్రుని కథనుండి గ్రహించిరి.

ఆధునికచరిత్రయు ఈ విషయమున మనకు సాక్ష్యమిచ్చును. 20వ శతాబ్ది పూర్వార్ధమున క్షయచికిత్స యనగా శానిటోరియమే. మదనపల్లె సమీపమున 1915లో తెరువబడిన ఆరోగ్యవరము తెలుగునాట దానికి పేరుపొందినది. రోగి ఇల్లు విడిచి, పని విడిచి, మంచి గాలిలో, మంచి ఆహారముతో విశ్రాంతి గొనవలెనను భావన అప్పటిది. 1956లో మదరాసున ఏర్పడిన క్షయ కీమోథెరపీ కేంద్రము ఆ భావనను పరీక్షించెను. 193 మంది పేదరోగులను రెండు పాయలుగా చేసి, ఒక పాయకు ఇంటియొద్దను, మరియొక పాయకు శానిటోరియమునను ఒక సంవత్సరము మందులు ఇచ్చిరి. ఇంటివారికి ఆహారము తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇరుకు ఎక్కువ. అయినను 1959లో ప్రకటింపబడిన ఫలితములలో ఇరుపాయలవారికిని గుణము రమారమి సమానముగానే కనబడెను.

ఈ పరిశోధనను పలువురు ఒక ప్రక్కనుండియే చదివిరి. మందు చాలును, మంచము అక్కరలేదని గ్రహించిరి. ఆ గ్రహణము సరియైనదే. దానివలన ప్రపంచమున లక్షలాది పేదలకు ఇంటియొద్ద చికిత్స సాధ్యమయ్యెను. కాని అచ్చట ఇంటికి మందుమాత్రమే పోలేదు, మనుష్యులును పోయిరి. రోగుల ఇండ్లను దర్శించుట, మందు వాడకమును పరీక్షించుట ఆ చికిత్సలో అంతర్భాగములు. ఆ కేంద్రమున పనిచేసిన వాలెస్ ఫాక్స్ 1958లోనే రోగి తనంత తాను మందు వాడుకొనుటలోని సమస్యను ప్రత్యేకవ్యాసమున చర్చించెను. మందు ఇంటికి చేరినది గాని, ఆ మనుష్యులు అన్నిచోట్లకు చేరలేదు. చేరనిచోట ఏర్పడిన ఖాళీని 'రోగి అశ్రద్ధ' అను మాటతో పూరించుట సులభమయ్యెను.

ఆ మాట ఎంత దూరము నిలుచునో బెంగుళూరులో 1959లో స్థాపింపబడిన జాతీయ క్షయసంస్థవారు తుముకూరు జిల్లాలో జరిపి 1963లో ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది. బెనర్జీ, ఆండర్సన్ అను ఇరువురు అచ్చటి గ్రామములలోని క్షయరోగులను విచారించిరి. రోగులలో మిక్కిలిమంది తమ లక్షణములను ఎరిగియే యున్నారు. సగమునకు పైగా ప్రభుత్వవైద్యశాలలకు పోయియే యున్నారు. పోయినవారికి క్షయయని నిర్ణయము జరుగలేదు; దగ్గుమందు సీసాతో మరలివచ్చిరి. అనగా అవిద్య యని మనము పేరుపెట్టినది రోగి యందు గాక వైద్యశాలయందు కనబడినది. హైతీ దేశమున పాల్ ఫార్మర్ 1991లో ప్రకటించిన వ్యాసము మూఢవిశ్వాసమను హేతువును పరీక్షించినది. మందులు ఇరుపాయలవారికిని ఉచితమే. ఒక పాయకు అదనముగా ధనసహాయము, ఆహారము, ఇంటికి వచ్చు కార్యకర్త కలరు. ఆ పాయలో దాదాపు అందరును స్వస్థులైరి. రెండవ పాయలో దాదాపు సగమువారే. రోగము చేతబడివలన వచ్చినదని నమ్ముటకును మందు మానుటకును సంబంధము కనబడలేదు. చేతబడిని నమ్మినవాడును అన్నము దొరకినచో మాత్ర మ్రింగినాడు.

పరిభాషాచరిత్రలోను ఈ మార్పు కనబడును. నడుమ విడిచినవానిని పూర్వము ఆంగ్లపరిభాషననుసరించి 'డిఫాల్టరు' అనెడివారు. అప్పు ఎగవేసినవానికి చెల్లు మాట అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పరిభాషను సవరించి ఆ మాటను విడిచినది. చికిత్సనుండి జాడ తప్పినవారని అర్థమిచ్చు మాటను స్వీకరించినది. దీనిని తెలిగించునప్పుడు మన భాషలో ఒక ఉరి పొంచియున్నది. 'తప్పు' అను మాటకు జారిపోవుట, దోషము అను రెండర్థములును కలవు. 'చికిత్స తప్పినవారు' అన్నచో కొంత మేలు. 'చికిత్స తప్పించుకొన్నవారు' అన్నచో పాతనింద క్రొత్తవేషమున మరల వచ్చును. 'కొను' అను రెండక్షరములు మనుష్యుని దొంగను చేయగలవు.

గ్రామ్యవ్యవహారమున ఈ సూక్ష్మతలు ఎంత స్పష్టముగా నున్నవో గమనింపదగును. గోదావరి మండలములలో రోగి 'మానేశానండి' అనుటయు కలదు. 'మానేయాల్సొచ్చిందండి' అనుటయు కలదు. రెండవదానిలో 'వచ్చు' క్రియకు కర్త రోగి కాడు. బయటినుండి వచ్చిపడిన అగత్యము. 'మందు పడలేదండి' అనును. అందు కర్త మందు. ఖాళీకడుపున నాలుగు మందులు మ్రింగి వాంతి చేసికొన్నవాని మాట అది. 'మందు వేడి చేసిందండి' అనును; రిఫాంపిసిన్ వాడినవానికి మూత్రము ఎఱ్ఱబారును, దానిని ముందుగా చెప్పనిచో అతనికి తెలిసిన శాస్త్రము వేడియే. ఈ వాక్యములలో ఒక్కొక్కటి ఒక్కొక్క హేతువును చూపుచున్నది: కూలి, ఆకలి, చెప్పవలసినది చెప్పకపోవుట. ఆస్పత్రి రిజిస్టరులోనికి ఎక్కునప్పుడు ఈ వాక్యము లన్నియు 'మానివేసెను' అను ఒక్క వాక్యముగా మారును. మూడు రకముల హేతువులు నశించి ఒక్క కర్త మిగులును. ఇది భాషాపరముగా సంక్షేపము; వైద్యపరముగా సాక్ష్యనాశనము.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. కర్తృత్వమును రోగినుండి తీసివేసినచో అతడు చేతగాని వస్తువుగా మిగులడా? ఈ ఆక్షేపము బలమైనది. మన దేశమున 1993లో ప్రయోగాత్మకముగా మొదలై, 1997లో విస్తరణమునకు పూనుకొన్న సవరించిన కార్యక్రమమున కార్యకర్త కన్నులయెదుట రోగి మాత్ర మ్రింగవలెనను నియమము ప్రధానమయ్యెను. వారమునకు మూడు దినముల ఆ పద్ధతికి బదులు 2017లో ప్రతిదినము మందు ఇచ్చు పద్ధతి వచ్చెను. కన్నులయెదుట మ్రింగించుటవలన పలువురు బ్రదికిరి, దానిని తక్కువచేయరాదు. కాని 'మ్రింగింపబడవలెను' అను వాక్యమున రోగి కర్మగా మిగిలినాడు. 'మానివేసెను' అను వాక్యము అతనిని దోషియైన కర్తను చేయగా, ఇది నమ్మరాని కర్మను చేయుచున్నది. రెండింటను అతని కూలి కనబడదు. కావున మేము కోరునది కర్తను తొలగించుట కాదు. వాక్యమున దాగిన రెండవ కర్తను వెలికితీయుట.

అందులకు తెలుగున సిద్ధమైన రూపము కలదు. మాను ధాతువునకు ప్రేరణార్థకము 'మాన్పు', 'మాన్పించు'. ప్రేరణమున ఇద్దరు కర్తలుందురు: చేయువాడు, చేయించువాడు. 'ఇతడు మందు మానెను' అను వాక్యము ముగిసినచోట 'ఇతనిచే మందు మాన్పించిన దేది?' అను ప్రశ్న మొదలగును. కూలి మాన్పించినదా, ఆకలి మాన్పించినదా, ఎక్స్‌రేమచ్చ భయము మాన్పించినదా, మందు నిలువలేక మరలి పొమ్మన్న కిటికీ మాన్పించినదా? మరియు ఆ ధాతువే రెండవ అర్థమున 'రోగమును మాన్పినది' అని నిలుచును. రోగమును మాన్పవలసినవారికి మొదట తెలియవలసినది మందును మాన్పించినది ఏదో.

ప్రభుత్వము కొంతవరకు ఈ ప్రశ్నను స్వీకరించినదనవచ్చును. 2018 ఏప్రిల్ నుండి చికిత్సలోని వారికి పోషణకై నెలకు 500 రూపాయలు ఇచ్చు పథకము నడచుచున్నది. 2024 నవంబరులో అది 1000 రూపాయలకు పెంచబడినది. జార్ఖండులో రోగుల కుటుంబములకు ఆహారసామగ్రి ఇచ్చి జరిపిన పరిశోధన 2023లో ప్రకటింపబడినది; ఆహారము పొందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి సుమారు 40 నుండి 50 వంతులు తగ్గినట్లు అందు తేలినది. విషమాశనమును గూర్చిన పాతమాట క్రొత్తలెక్కలతో మరల వచ్చినది. విధానము ఇంత దూరము నడచినను, ప్రచారసాహిత్యపు వాక్యము మాత్రము పాతచోటనే నిలిచియున్నది. నెలకు వేయి రూపాయలు దింపు కార్మికుని నెలకూలికి సరిపోవు. కాని కూలి పోవుట కూడ చికిత్సలోని విషయమేనని ఆ సొమ్ము ఒప్పుకొన్నది. కరపత్రము ఇంకను ఒప్పుకొనలేదు.

పరిశోధకవిద్యార్థులకు మా మనవి ఇది. ఆరోగ్యప్రచారసాహిత్యమును ప్రాంతముల వారీగా సేకరింపుడు. అందు 'మాను', 'తప్పు', 'వాడు', 'అందు' అను క్రియలకు కర్త లెవరో పట్టిక వేయుడు. దాని ప్రక్కన రోగులు తమ కథను తాము చెప్పు వాక్యములను యథాతథముగా, వారి నుడికారముతోనే వ్రాసికొనుడు. వాని పేళ్లను వ్రాయకుడు. ఉప్పలగుప్తమువంటి మండలమున తోటలోని మాట, చెరువుగట్టు మాట, ఒడ్డుమీది మాట వేరువేరుగా నుండును. ఆ వాక్యములను రిజిస్టరు వాక్యముతో పోల్చిన నాడు ఎన్ని కర్తలు ఎచ్చట లోపించినవో తేటపడును. వ్యాకరణశాస్త్రము ఇంతకంటె మంచి పనికి వినియోగపడు చోట్లు మిక్కిలి లేవు. రోగి ఎందుకు మానెనని అడుగుట చాలదు. అతనిచే మాన్పించిన దేమని అడిగి, వచ్చిన సమాధానమును మార్పక వ్రాసికొనవలెను.